‘సంవిధాన్’ చూడొద్దనే సలహాకు జవాబు

శ్రీకాకుళం, విజయనగరం వైపు గ్రూప్-2కీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదివే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. రాజ్యాంగం తయారీ మీద వచ్చిన ‘సంవిధాన్’ సీరియల్ చూసి టైం పాడుచేసుకోవద్దట. రాజ్యాంగం ఎలాగూ బ్రిటిష్ వాళ్లు చేసిన 1935 భారత ప్రభుత్వ చట్టానికి కాపీయేనట. అందులో మన ప్రాంతం ఊసే లేదట. పైగా హిందీ, బోరు. పాలిటీకి బిట్లు చాలట.

శ్యామ్ బెనెగల్ తీసిన ఈ పది భాగాల సీరియల్ 2014 మార్చిలో రాజ్యసభ టీవీలో మొదలైంది. రాజ్యాంగాన్ని రూపొందించిన రాజ్యాంగ సభలో జరిగిన చర్చల ఆధారంగా షమా జైదీ, అతుల్ తివారీ రాశారు. యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతుంది. మనవాళ్లలో దీన్ని చూసినవాళ్లే తక్కువ. ఉన్న ఆ కొద్దిమందిని కూడా ఆపే ప్రచారం చూస్తే నాకు నిజంగా బాధేస్తోంది.

ముందు ‘కాపీ’ సంగతి. ఎక్కువ నష్టం చేస్తున్న మాట అదే. 1935 చట్టం నుంచి పాలనా ఏర్పాట్లు చాలానే తీసుకున్నారు, నిజం. దాన్ని ఎవరూ దాచలేదు. 1948 నవంబర్ 4న ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేద్కరే ఆ విమర్శను ఎత్తుకున్నారు. అరువు తెచ్చుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదని, రాజ్యాంగపు మూల భావాల మీద ఎవరికీ పేటెంటు లేదని చెప్పారు. మరి ఆ 1935 చట్టంలో ప్రాథమిక హక్కులు ఉన్నాయా? లేవు. ఓటు కూడా ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హతలున్న కొద్దిమందికే. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణాన్ని అందులో ఎక్కడ చూపిస్తారు? ముసాయిదాలో సవరణలకు 7,635 నోటీసులు వచ్చాయి, వాటిలో 2,473 సభలో ప్రతిపాదించారు. ఈ అంకెలు మన పిల్లలకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. అంతమంది ఎందుకు ఒప్పుకోలేదు, దేనికి పట్టుబట్టారు అని అడిగితే మాత్రం మాట రాదు. అంబేద్కర్‌గా వేసిన సచిన్ ఖేడేకర్ ఆ అభ్యంతరాలను ఎదుర్కొనే తీరు చూస్తే, ఒక్కో అధికరణం వెనక ఎంత వాదన ఉందో తెలుస్తుంది.

మన ప్రాంతం ఊసే లేదనడం ఇంకా అన్యాయం. అప్పటికి శ్రీకాకుళం, విజయనగరం పేర్లతో జిల్లాలే లేవు. ఇదంతా విశాఖపట్నం జిల్లా. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది, విజయనగరం 1979లో. అందుకని జిల్లా పేరు పెట్టి వెతికితే ఏమీ దొరకదు. మనిషి పేరు పెట్టి వెతకండి. 1930ల్లో మద్రాసు ప్రెసిడెన్సీ మంత్రివర్గాన్ని నడిపిన బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు రాజ్యాంగ సభ సభ్యుడు. జమీందారీ రైతుల తరఫున కొట్లాడిన ఎన్.జి. రంగా కూడా అదే సభలో ఉన్నారు. మందస జమీందారీలో అడవి కట్టెల గొడవ ముదిరి, 1940లో పోలీసు కాల్పుల్లో వీరగున్నమ్మ చనిపోయింది. అలాంటి నేల మీద పుట్టినవాళ్లకు, జమీందారీలు పోవాలా, పోతే పరిహారం ఎంత అని ఆ సభలో సాగిన వాదన పరాయిదెలా అవుతుంది?

ఏజెన్సీ సంగతీ అంతే. ఇప్పుడు పార్వతీపురం మన్యంలో కలిసిన సీతంపేట, కురుపాం మొన్నమొన్నటి దాకా మన రెండు జిల్లాలవే. అక్కడి సవర, జాతాపు కుటుంబాల భూమికి కాపలా కాసే 1/70 చట్టానికి ఆధారం రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే ఐదో షెడ్యూలు. 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్‌గా ఆడిన జైపాల్ సింగ్ ముండా 1946 డిసెంబర్‌లోనే ఆ సభలో నిలబడి, ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరు, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి అన్నారు. ఐదో షెడ్యూలును బట్టీపట్టే ముందు ఈ ఒక్క సంగతి తెలుసుకోండి.

హిందీ అడ్డమా? మన ఊళ్లలో సైన్యంలో చేసి వచ్చినవాళ్లు, ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసినవాళ్లు ఎంతమంది లేరు! అలాంటి ఒక్కరిని పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు.

బోరు అనేది రుచికి సంబంధించిన మాట కాబట్టి కొంత ఒప్పుకుంటాను. మలుపులు, ఫైట్లు కోరుకునేవాళ్లకు ఇది నెమ్మదిగానే ఉంటుంది. ఎక్కువ భాగం సభలో మాటలే. మధ్యమధ్య స్వరా భాస్కర్ వచ్చి సందర్భం వివరిస్తుంది. కానీ ఆ మాటలు దేశం గతిని తేల్చినవి. నా మటుకు నాకు ఒక సవరణ నెగ్గుతుందా ఓడుతుందా అన్న టెన్షన్ ఏ థ్రిల్లర్‌కీ తీసిపోదు.

ఇక బిట్లు చాలన్నవాళ్లకు. ప్రాథమిక హక్కుల మీద చర్చలో, 1947 ఏప్రిల్‌లో, బెంగాల్ కమ్యూనిస్టు సోమనాథ్ లాహిరి ఒక మాట అన్నారు. ఈ హక్కుల్లో చాలావాటిని పోలీసు కానిస్టేబుల్ చూపుతో రాశారని. ఒక చేత్తో హక్కు ఇచ్చి, పక్కనే మినహాయింపు తగిలించడం మీద ఆయన అభ్యంతరం అది. మాట్లాడే స్వేచ్ఛ లాంటి హక్కులిచ్చే 19వ అధికరణంలోని మినహాయింపులు పరీక్షలో అడుగుతారు. రేపు కానిస్టేబుల్ యూనిఫాం వేసుకోబోయే పిల్లలు ఆ మినహాయింపుల మీద అంత గొడవ ఎందుకు జరిగిందో తెలుసుకుని ఉద్యోగంలో చేరాలా వద్దా?

మొదటి భాగం బరువుగా అనిపిస్తే భూమి, భాష మీద చర్చలున్న భాగాలు ముందు చూడండి. ఒంటరిగా కాకుండా రూమ్మేట్లు నలుగురూ కలిసి చూడండి. ఎవరికైనా ఒక వాదన నచ్చకపోతే అక్కడే ఆపి, వాదించుకుని, మళ్లీ మొదలుపెట్టండి.