ఖాళీ పెట్టె ఘనకార్యం

మానవజాతి సాధించిన ఘనకార్యాల జాబితాలో నియో జియో ఎక్స్ గోల్డ్ అనే గేమ్ మెషిన్ పేరు ఇంతవరకు చేరలేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దే బాధ్యత, వేరే దిక్కులేక, నేనే తీసుకుంటున్నాను.

ముందు కాస్త పూర్వచరిత్ర. 1990లో జపాన్‌కు చెందిన ఎస్‌ఎన్‌కే సంస్థ, గేమ్ పార్లర్లలో నిలువెత్తు మెషిన్‌లో ఉండే హార్డ్‌వేర్‌నే నల్లటి పెట్టెలో పెట్టి ఇళ్లకు తెచ్చింది. దాని పేరు నియో జియో ఏఈఎస్. అమెరికాలో గోల్డ్ ప్యాకేజీ ధర 649.99 డాలర్లు. ఆ పైన ఒక్కో గేమ్ క్యాట్రిడ్జ్ ఇంచుమించు 200 డాలర్లు. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడతాడా అని వాళ్ల ధీమా. నాలాంటివాళ్లం ఏనుగు దాకా కూడా వెళ్లలేదు. ఫొటోలు చూసి, లోపల ఏముంటుందో ఊహించుకుని, ఆ ఊహలోనే గెలిచాం.

అప్పట్లో మాకు లేనిది డబ్బు ఒక్కటే. తీరిక ఉంది, చూపు ఉంది, బొటనవేళ్లలో సత్తువ ఉంది. 22 ఏళ్లు ఓపిక పట్టి, 2012 డిసెంబర్‌లో టొమ్మో అనే సంస్థ ఎస్‌ఎన్‌కే దగ్గర లైసెన్సు తీసుకుని నియో జియో ఎక్స్ గోల్డ్‌ను 199.99 డాలర్లకు దింపింది. చేతిలో పట్టుకునే మెషిన్, 4.3 అంగుళాల తెర, లోపల 20 గేమ్‌లు. ఈసారి డబ్బు ఉంది, మిగతా మూడూ పోయాయి. టైమింగ్ అంటే ఇదీ!

అసలు తెలివంతా దానితో ఇచ్చిన డాక్‌లో ఉంది. చూడటానికి అచ్చం 1990 నాటి నల్లపెట్టే. మూత తెరిచి చేతి మెషిన్‌ను లోపల పడుకోబెడితే చార్జింగ్ అవుతుంది, టీవీలో బొమ్మ వస్తుంది. అంతకుమించి పెట్టెలో ఏమీ లేదు. ఒకప్పుడు మెదడంతా పెట్టెలోనే ఉండేది. ఇప్పుడు మెదడు జేబులో పడుతుంది కాబట్టి, గౌరవం కోసం దానికో పెట్టె తొడిగారు. పదవి పోయినా కారు మీద బోర్డు తీయనివాళ్లకు ఈ సూత్రం కొత్తేమీ కాదు.

తెర వెడల్పుగా ఉందని కొందరు గొణిగారు. ఈ గేమ్‌లు పాత టీవీల్లాంటి 4:3 తెర కోసం గీసినవి, వెడల్పు తెర నిండా సాగదీస్తే అందరూ అడ్డంగా ఉబ్బుతారు. నాకైతే కళ్లు చెమర్చాయి. ఫేటల్ ఫ్యూరీ అనే ఫైటింగ్ గేమ్‌లో సన్నగా, చురుగ్గా ఉండే హీరో టెర్రీ బోగార్డ్ ఇన్నేళ్ల తర్వాత కలిస్తే, పాపం, అతనికీ నడుం చుట్టుకొలత పెరిగింది. ఇంతకన్నా నిజాయితీగల పాత స్నేహితుడు ఎక్కడ దొరుకుతాడు?

ఆట సంగతి కూడా చెప్పాలి కదా. మెటల్ స్లగ్ అనే కాల్పుల గేమ్‌లో ఒక్క తూటా తగిలితే ప్రాణం పోతుంది. అది పార్లర్ లెక్క: మీరు త్వరగా చస్తేనే తర్వాతి నాణెం పడుతుంది. జేబులో చివరి నాణెం ఉన్నవాడు తూటాను చూసే చూపే వేరు. ఇప్పుడు నాణెం లేదు, భయం లేదు. చచ్చాను, మీట నొక్కాను, మళ్లీ చచ్చాను. మొదటి బాస్, అంటే దశ చివర కాచుకుని ఉండే పెద్ద శత్రువు, దగ్గరికి చేరేసరికి కళ్లజోడు రెండుసార్లు తుడుచుకున్నాను, బొటనవేలు పట్టేసింది. మెషిన్‌కు నాణెం వేసే కంత ఒకటి పెట్టి, ఓడినప్పుడల్లా నా డబ్బు మింగే ఏర్పాటు చేయాలని సవినయంగా కోరుతున్నాను.

2013 అక్టోబర్‌లో, ఏడాది కూడా నిండకుండానే, ఎస్‌ఎన్‌కే లైసెన్సు రద్దు చేసి అమ్మకాలు ఆపమంది. దీన్ని ఓటమి అనేవాళ్లకు చరిత్ర తెలియదు. అసలు నియో జియో అంటేనే మనకు దొరకనిది. 1990లో ధర అడ్డం, ఇప్పుడు లాయర్లు అడ్డం. పాత అనుభవాన్ని ఇంత యథాతథంగా తిరిగి అందించిన కంపెనీ మరొకటి ఉంటే చూపించండి.

నిన్న అల్మరా దుమ్ము దులుపుతూ నా మెషిన్ బయటికి తీశాను. ప్లగ్ పీకి రెండేళ్లయింది కాబట్టి చార్జింగ్ సున్నా. కేబుల్ ఏ డబ్బాలో ఉందో వెతకాలి. వెతకలేదు. మళ్లీ పెట్టెలో పడుకోబెట్టి మూత వేశాను. ఆ మూత ‘టక్’మని భలే పడుతుంది. ఇంకోసారి తెరిచి వేశాను.