హ్యారీ కోపాన్ని ఎందుకు తప్పుపట్టాం?

హ్యారీ పాటర్ చదివినవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఐదో పుస్తకం దగ్గర మాట రెండుగా చీలుతుంది. "అక్కడే ఆపేశాను" అనేవారు ఒకరైనా ఉంటారు. "ఏడింటిలోనూ నాకు నచ్చింది అదే" అనేవారూ ఉంటారు. ఆపేసినవారు చెప్పే కారణాలు ఇరవై ఏళ్లుగా మారలేదు: మరీ పెద్ద పుస్తకం, మరీ చీకటి, హ్యారీ ఎప్పుడు చూసినా అరుస్తూనే ఉంటాడు. మూడింటినీ ఒకే గాటన కట్టి పుస్తకాన్ని పక్కన పెట్టేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. నిడివి మీద వచ్చిన ఫిర్యాదులో సగం నేనూ ఒప్పుకుంటాను. కోపం మీద వచ్చిన ఫిర్యాదును మాత్రం ఒప్పుకోలేను.

ముందు నిడివి సంగతి చూద్దాం. ‘హ్యారీ పాటర్ అండ్ ది ఆర్డర్ ఆఫ్ ది ఫీనిక్స్’ 2003 జూన్ 21న విడుదలైంది. మొదటి నాలుగు పుస్తకాలూ 1997 నుంచి 2000 వరకు ఏడాదికొకటి చొప్పున వచ్చాయి. ఆ అలవాటు పడ్డ పాఠకులు ఐదోదాని కోసం దాదాపు మూడేళ్లు కాచుకుని కూర్చున్నారు. అమెరికాలో మొదటి రోజే 50 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. చేతికొచ్చిన పుస్తకం చూస్తే ఇటుక లాగా ఉంది. బ్రిటన్ ముద్రణలో మొదటి భాగం 223 పేజీలైతే ఇది 766. అమెరికా ముద్రణలో 870.

పేజీలు ఎక్కువైనంత మాత్రాన ఎవరూ విసుక్కోరు. నాలుగో పుస్తకమూ చిన్నదేమీ కాదు. కానీ అందులో పోటీ ఉంది, ఒక పరీక్ష తర్వాత ఇంకో పరీక్ష ఉంది, కథ చెయ్యిపట్టుకుని లాక్కుపోతుంది. ఐదోదాంట్లో ఆ లాగుడు లేదు. మొదటి పుస్తకంలో ఏడో అధ్యాయానికల్లా మాంత్రికుల బడి హాగ్వర్ట్స్ భోజనశాలలో కూర్చుంటాం. ఇందులో అక్కడికి చేరేసరికి పదకొండో అధ్యాయం వస్తుంది. ఈలోగా లండన్‌లోని ఒక పాత ఇంట్లో పిల్లలు బూజు దులుపుతూ, పరదాల్లో దాక్కున్న పురుగుల్లాంటి జీవాల మీద మందు కొడుతూ ఉంటారు. అడవిలో బడి కాపలాదారు హాగ్రిడ్ దాచిపెట్టిన రాక్షస తమ్ముడి ఘట్టం నాకు ఈనాటికీ అతికించినట్టే ఉంటుంది. తోటి విద్యార్థిని చో చాంగ్‌తో హ్యారీ ప్రేమ వ్యవహారం కూడా అవసరానికి మించి సాగింది. ఈ పుస్తకం ఇంకొంచెం చిన్నదిగా ఉండవలసిందని రౌలింగ్ కూడా తర్వాత ఒప్పుకున్నారు. రచయిత్రే ఒప్పుకున్నాక మనం వకాల్తా పుచ్చుకోనక్కర్లేదు.

పెద్దల ప్రపంచం కూడా అప్పుడు రెండుగా చీలింది. ఇంగ్లిష్ నవలా రచయిత్రి ఎ. ఎస్. బయట్ ఆ జూలైలోనే న్యూయార్క్ టైమ్స్‌లో ఘాటైన వ్యాసం రాశారు. ఈ మాయాలోకంలో నిజమైన రహస్యం, నిజమైన గాంభీర్యం లేవని, పెద్దవాళ్లు దీన్ని చదవడమంటే చిన్నతనంలోకి తిరిగి పారిపోవడమేనని ఆవిడ వాదన. భయం పుట్టించడమే వృత్తిగా పెట్టుకున్న స్టీఫెన్ కింగ్ మాత్రం ఇందులో ప్రభుత్వం పంపగా బడికొచ్చిన ఉపాధ్యాయురాలు అంబ్రిడ్జ్ పాత్రను ఆకాశానికెత్తారు. ఈ ఇద్దరిలో బయట్ వాదన నాకు ఈ పుస్తకం దగ్గరే అన్నిటికంటే బలహీనంగా కనిపిస్తుంది. పారిపోవడానికి చోటు వెతుక్కునే పాఠకుడికి ఈ 766 పేజీలు తలుపు తీయవు. బయటి లోకంలో ఉన్న అవమానాలన్నీ లోపల వరసగా నిలబడి ఉంటాయి.

ఇక కోపం. నాలుగో పుస్తకం చివర ఏం జరిగిందో ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. హ్యారీ కళ్లెదుటే సెడ్రిక్ అనే తోటి విద్యార్థిని చంపేశారు. హ్యారీని సమాధి రాయికి కట్టేసి, అతని రక్తంతోనే అతని ప్రధాన శత్రువు వోల్డెమార్ట్ మళ్లీ శరీరం తెచ్చుకున్నాడు. ఆ రాత్రి గడిచాక ఆ పిల్లవాణ్ణి తీసుకెళ్లి తనంటే గిట్టని పెద్దమ్మ ఇంట్లో దిగబెట్టారు. వేసవి అంతా ఎవరూ ఏ విషయమూ చెప్పలేదు. స్నేహితుల ఉత్తరాల్లోనూ ఏమీ లేదు. పుస్తకం తెరిచేసరికి హ్యారీ కిటికీ కింద పూలమొక్కల మధ్య వెల్లకిలా పడుకుని, లోపల టీవీలో వచ్చే వార్తలను చెవులు రిక్కించి వింటూ ఉంటాడు. ఎక్కడైనా ఎవరైనా చనిపోయారేమో, యుద్ధం మొదలైందేమో తెలుసుకోవడానికి అతనికి ఉన్న దారి అదొక్కటే. మరోవైపు మాంత్రికుల పత్రిక అతన్ని పేరు కోసం అబద్ధాలాడే పిచ్చివాడిగా చిత్రిస్తోంది.

ఆ తర్వాత స్నేహితులను చూడగానే అరిచాడు. ఇంగ్లిష్ పుస్తకంలో ఆ మాటలన్నీ పెద్దక్షరాల్లో అచ్చయ్యాయి. మన లిపిలో ఆ వెసులుబాటు లేదు గాని, ఉంటే ఆ పేజీ చూడగానే చెవులు దిబ్బళ్లు పడేవి. చాలామంది పాఠకులకు హ్యారీ మీద మనసు విరిగింది అక్కడే. మంచి పిల్లవాడు పాడైపోయాడనిపించింది. నన్నడిగితే, అంత జరిగాక కూడా మునుపటిలాగే మర్యాదగా, చలాకీగా ఉండి ఉంటే ఆ పాత్రను నమ్మేవాణ్ణి కాదు. దుఃఖం పదిహేనేళ్ల పిల్లవాడి నుంచి ఏడుపుగా బయటికి రాదు. తలుపు దభాలున వేయడంగా, అన్నం దగ్గర నుంచి లేచిపోవడంగా, ఎవరి మీద ప్రేమ ఎక్కువ ఉంటే వాళ్ల మీదే విరుచుకుపడడంగా వస్తుంది. ఇంట్లో ఆ వయసు పిల్లలున్నవాళ్లకు ఇది ఒకరు చెప్పవలసిన పని లేదు.

నేను ఈ పుస్తకం చదివింది ఇంటర్ మొదటి సంవత్సరంలో, హాస్టల్లో. పాఠ్యపుస్తకం కానిది ఏది కనబడినా తీసేసుకునేవారు. ట్రంకు పెట్టెలో బట్టల అడుగున ఉండేది ఇది, అదీ నాది కాదు, ముగ్గురం చేతులు మార్చుకుంటూ చదివాం. ఆదివారం ఇంటికి ఫోను చేసుకునేటప్పుడు వార్డెన్ పక్కనే నిలబడి వినేవారు. "బాగానే ఉన్నాను నాన్నా" అని పెట్టేయడం తప్ప ఇంకేమీ చెప్పగలిగేవాళ్లం కాదు. ఆ రోజుల్లో డోలోరెస్ అంబ్రిడ్జ్ నాకు కల్పిత పాత్రలా అనిపించలేదు. కథ గురించి నా తీర్పులో ఆ హాస్టల్ వాసన కొంత ఉందని దాచను.

అంబ్రిడ్జ్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ పుస్తకపు చీకటి అంతా ఆవిడ చుట్టూనే ఉంది. వోల్డెమార్ట్ ఇందులో కనబడేది చాలా తక్కువ. నిజమైన భయం గులాబీ రంగు స్వెట్టర్ వేసుకుని, చిన్నగా గొంతు సవరించుకుని, తీయగా నవ్వుతూ తరగతి గదిలోకి వచ్చింది. ఆవిడ గది గోడల నిండా పిల్లికూనల బొమ్మలున్న పళ్లేలు. ఆవిడ చెప్పే పాఠంలో మంత్రదండం వాడకూడదు, పుస్తకం చదువుకోవాలంతే. వోల్డెమార్ట్ తిరిగొచ్చాడని హ్యారీ తరగతిలో అన్నందుకు శిక్ష: సాయంత్రం ఆవిడ గదికి వచ్చి ‘నేను అబద్ధాలాడకూడదు’ అనే వాక్యాన్ని పదేపదే రాయాలి. ఈక కలం ఇచ్చింది, సిరా ఇవ్వలేదు. రాయడం మొదలుపెట్టాక కాగితం మీద అక్షరాలు ఎర్రగా మెరిశాయి, అదే సమయంలో కుడిచేతి వెనక చర్మం మీద అవే అక్షరాలు కత్తితో గీసినట్టు తెగి, వెంటనే మూసుకుపోయాయి. హ్యారీ తలెత్తి చూశాడు. ఆవిడ నవ్వుతూ "ఏం?" అన్నట్టు చూసింది. "ఏమీ లేదు" అని మళ్లీ రాయసాగాడు. రాత్రి చాలా పొద్దుపోయేదాకా, మర్నాడూ, ఆ మర్నాడూ.

నొప్పి కంటే నన్ను కలచివేసింది ఆ "ఏమీ లేదు". తర్వాత స్నేహితుడు రాన్ ఆ చెయ్యి చూసి, ప్రిన్సిపాల్‌కు చెప్పమంటాడు. హ్యారీ చెప్పడు. ఆవిడకు తనను లొంగదీశానన్న తృప్తి దక్కకూడదని పంతం. చెప్పినా వినేవారెవరని లోపల ఒక అనుమానం. దెబ్బలు తిని ఇంట్లో చెప్పని పిల్లలందరి మనసూ ఈ రెంటి మధ్యే కొట్టుమిట్టాడుతుంది. ఇలాంటి ఘట్టం పిల్లల పుస్తకంలో ఉండవచ్చా అని అప్పట్లో అడిగినవారున్నారు. పిల్లల జీవితంలో ఉన్నప్పుడు పిల్లల పుస్తకంలో ఉండాలి.

ఆ తర్వాత గోడల మీదికి ఉత్తర్వులు ఒకటొకటిగా ఎక్కుతాయి. ముగ్గురు, అంతకు మించి విద్యార్థులు అనుమతి లేకుండా క్రమంగా కలవకూడదు. ఉపాధ్యాయులు తమ పాఠం తప్ప వేరే సంగతి పిల్లలకు చెప్పకూడదు. హ్యారీ మాట అచ్చు వేసిన వేరే పత్రిక దగ్గర ఉంటే బడి నుంచి బహిష్కారం. నిషేధం వల్లే ఆ పత్రికను బడిలో ప్రతి ఒక్కరూ చదువుతారని స్నేహితురాలు హెర్మయనీ సంబరపడే పేజీ ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఉత్సాహాన్నిస్తుంది. ఈ ఉత్తర్వులు ఒక్క రోజులో రాలేదు. అందుకే పుస్తకానికి అంత చోటు కావలసి వచ్చింది. ఒక బడి గొంతు నొక్కడం రెండు అధ్యాయాల్లో చూపిస్తే దుర్మార్గురాలి కథ అవుతుంది. ఇరవై అధ్యాయాల మీదుగా చూపిస్తే, మంచివాళ్లు కూడా ఎలా అలవాటు పడిపోతారో తెలుస్తుంది.

పాఠకులు అన్నిటికంటే క్షమించలేనిది సిరియస్ మరణం. హ్యారీకి తండ్రి స్థానంలో మిగిలిన ఒకే ఒక్క మనిషి. మాంత్రికుల ప్రభుత్వ కార్యాలయంలో జరిగిన పోరాటం మధ్యలో నవ్వుతూ, శత్రువును కవ్విస్తూ, వెనక్కి ఒరిగి, చావుకు ద్వారం లాంటి ఒక పరదా వెనకకు పడిపోయాడు. శరీరం లేదు, చివరి మాట లేదు. "ఇంత మంచి పాత్రను ఇలా ఊరికే చంపేస్తారా" అని కోప్పడినవారి బాధ నాకు అర్థమవుతుంది. ఊరికే పోవడమే ఇక్కడ భరించలేనిది. పైగా హ్యారీ అక్కడికి పరుగెత్తింది ఒక అబద్ధపు కలను నమ్మి. పెద్దలు నిజం చెప్పి ఉంటే వెళ్లేవాడు కాదు.

అందుకే ముప్పై ఏడో అధ్యాయం ఈ సిరీస్ మొత్తంలో గొప్పదని నేననుకుంటాను. ప్రిన్సిపాల్ డంబుల్‌డోర్ గదిలో హ్యారీ చేతికందిన వస్తువల్లా విసిరి పగలగొడతాడు. ఆ ముసలాయన ఆపడు, గదమాయించడు. పగలగొట్టనిచ్చి, ఆ తర్వాత తప్పు నాదని చెబుతాడు. నీ మీది ప్రేమ కొద్దీ నిజం దాచానని, దాని ఫలితం ఇదని ఒప్పుకుంటాడు. ఒక పెద్దమనిషి పదిహేనేళ్ల పిల్లవాడి ముందు కూర్చుని అలా ఒప్పుకోవడం నేను కథల్లో చూసింది తక్కువ, ఇళ్లల్లో చూసింది ఇంకా తక్కువ. పుస్తకమంతా మనల్ని విసిగించిన ఆ అరుపులకు జవాబు దొరికేది ఇక్కడే. ఈ లోపు హ్యారీ సర్దుకుని ఉంటే ఈ అధ్యాయం లేదు.

మళ్లీ నిడివి దగ్గరికి వస్తాను. సిరీస్‌లో అన్నిటికంటే పెద్దదైన ఈ పుస్తకం 2007లో 138 నిమిషాల సినిమాగా వచ్చింది. అప్పటికి వచ్చిన ఐదు సినిమాల్లోనూ చిన్నది అదే. కత్తిరిస్తే ఏం పోతుందో తెలుసుకోవడానికి అంతకంటే మంచి అవకాశం లేదు. సినిమా చురుగ్గానే నడిచింది. పోయినవాటిలో ఆసుపత్రి అధ్యాయం ఒకటి.

క్రిస్మస్ సెలవుల్లో హ్యారీ, స్నేహితులు ఆసుపత్రిలో అనుకోకుండా, ఎప్పటికీ కోలుకోని రోగులుండే వార్డులోకి వెళతారు. అక్కడ నెవిల్ కనబడతాడు. నాలుగు పుస్తకాలుగా అందరూ మతిమరుపువాడని నవ్వుకున్న అదే నెవిల్. నానమ్మతో కలిసి అమ్మానాన్నలను చూడడానికి వచ్చాడు. చిత్రహింసల వల్ల వాళ్లిద్దరికీ మతి పోయి పద్నాలుగేళ్లు కావస్తోంది. నెరిసిన జుట్టుతో, రాత్రి దుస్తుల్లో వాళ్లమ్మ మెల్లగా నడిచివచ్చి కొడుకు చేతిలో ఏదో పెడుతుంది. బబుల్‌గమ్ చుట్టిన ఖాళీ కాగితం. "మళ్లీనా? సరేలే అమ్మా" అని నానమ్మ కోడలి భుజం తట్టి, ఆ కాగితాన్ని చెత్తబుట్టలో పడేయమంటుంది, ఇప్పటికి గది గోడలన్నీ అతికించడానికి సరిపడా ఇచ్చి ఉంటుందని. నెవిల్ సరేనంటాడు. బయటికి వెళుతూ, ఎవరూ చూడడం లేదనుకుని, ఆ కాగితాన్ని జేబులో పెట్టుకోవడం హ్యారీ చూస్తాడు.

కథ ముందుకు కదలడానికి ఆ కాగితం ఎక్కడా పనికిరాదు. నూరు పేజీలు తగ్గించమని ఏ సంపాదకుడి చేతికి పుస్తకం ఇచ్చినా మొదట పోయేది అదే.