మందు తక్కువైన కేసులు

బెంగళూరు మారతహళ్లిలోని మా ఫ్లాటులో సెల్‌ఫోనుకు సిగ్నలు అందేది వంటింటి బాల్కనీలో మాత్రమే కావడం వల్ల, మా ఇంటి సంగతులు మొదట కింద బట్టలు ఆరేసుకునేవారికీ, తరువాత మా ఆవిడకూ, ఆఖరున నాకూ తెలుస్తుంటాయి. టెక్సాస్‌లో ఉంటున్న మా అక్క కొడుకు అక్కడ వేసవి రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తే మాకు మర్నాడు ఉదయం ఏడున్నర అవుతుంది. అంటే సరిగ్గా కుక్కరులో పప్పు ఉడికే వేళ. ఆ రోజు జరిగిన అనర్థానికి ఈ రెండే కారణాలని నేను ఇప్పటికీ వాదిస్తున్నాను.

మావాడికి వారాంతాల్లో రివాల్వరుతో గురి చూసి కాల్చడం సరదా. పేల్చిన తూటాల ఇత్తడి గొట్టాలను ఏరి తెచ్చి, కొత్త మందూ కొత్త గుండూ కూర్చి మళ్లీ వాడుకోవడం అంతకంటే పెద్ద సరదా. మన దగ్గర లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే 1959 నాటి ఆయుధాల చట్టం ఊరుకోదు గాని, అక్కడ ఎందరో దీన్ని ఇంట్లో బల్ల ముందు కూర్చుని చేసుకుంటారట. ఆ గొట్టాలను వాళ్లు కేసులంటారు. గన్‌పౌడరును మావాడు మాత్రం ప్రొద్దుటూరులో దీపావళికి చిచ్చుబుడ్లు కూరిన అలవాటు కొద్దీ ఇప్పటికీ మందు అనే అంటాడు. ఇంతకాలం అమెరికాలో ఉండి కూడా మాట మరవలేదని నేను ఎన్నోసార్లు మెచ్చుకున్నాను. మెచ్చుకోకుండా ఉండవలసింది.

"మామయ్యా, యాభై కేసులూ నల్లబడ్డాయి, మసి అడుగుదాకా పాకింది," అని వాడు దిగులుగా చెప్పాడు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషిని; తూటాను సినిమాలో తప్ప చూడలేదు. అయినా అల్లుడు అడిగిన తరువాత తెలియదనడం మామ మర్యాద కాదు కదా! ఇత్తడి సామాన్లు తోమే పాలిషు రుద్దమన్నాను. వాడు అదిరిపడ్డాడు. అలాంటి పాలిషుల్లో కొన్నింటిలో అమ్మోనియా ఉంటుందనీ, అది తగిలితే బిగువు మీదున్న ఇత్తడి పగుళ్లిస్తుందనీ చెప్పి, మన దేశపు కథనే నాకు వినిపించాడు: బ్రిటిషు వారి రోజుల్లో వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల గొట్టాలు వాటంతట అవే చిట్లేవట, గుర్రాల మూత్రం నుంచి పుట్టే అమ్మోనియాయే అందుకు కారణమని 1921లో తేల్చారట. గుర్రాలను వదిలేసి నేను అసలు జబ్బేమిటని అడిగాను.

తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడికి పలుచని ఇత్తడి గోడ ఉబ్బి, తుపాకిలో తూటా కూర్చునే గది గోడకు అతుక్కుని, మంటను వెనక్కి రానివ్వకుండా మూసేస్తుంది. క్షణంలో మళ్లీ సడలుతుంది. ఒత్తిడి చాలకపోతే గోడ సరిగ్గా అతుక్కోదు, ఆ సందులోంచి పొగ వెనక్కి పాకి మసి పడుతుంది. మావాడిది పాయింట్ 45 కోల్ట్. 1870ల నాటి రకం, పొగ కక్కే నల్లమందు కోసం చేసిన పెద్ద గొట్టం. ఇప్పటి పొగరాని మందు అందులో అడుగున పడి ఉంటుంది. చేతికి దెబ్బ తగలకూడదని వాడు దానిని ఇంకా తగ్గించాడు.

సరిగ్గా అప్పుడే మా కుక్కరు బుస్సుమంది. దాని మూత లోపలి నుంచి పట్టే రకం. ఆవిరి బలం చాలనంత వరకూ అంచున పసుపు నీళ్లు బుడగలుగా చిమ్ముతూ స్టవ్వంతా పాడుచేసి, బలం రాగానే మూత అంచుకు బిగుసుకుని నోరు మూసుకుంటుంది. నాకు జ్ఞానోదయమైంది. "ఒరేయ్, ఇది మా కుక్కరు రోగమే!" అని కేకవేశాను. "అచ్చం అదే మామయ్యా," అన్నాడు వాడు. ఆ ఉత్సాహంలో, కుక్కరు కూతను మించిన గొంతుతో, "అయితే మందు కొంచెం పెంచు! ఒక్కసారే పెంచకు, కొలతల పుస్తకంలో రాసిన హద్దు దాటకు! మూతి గట్టిగా బిగించు, అప్పుడు మందు బాగా అంటుకుంటుంది!" అని సలహాలిచ్చాను. పాతబడి గట్టిపడిన గొట్టాలను మూతి దగ్గర కాస్త కాల్చి మెత్తబరచాలని వాడేదో అన్నాడు గాని అది మూడో కూతలో కలిసిపోయింది.

తొమ్మిదింటికి ప్రొద్దుటూరు నుంచి అక్క ఫోను చేసింది. "ఏరా, నా కొడుకు మందుకు అలవాటుపడ్డాడటగా? పైగా యాభై కేసులట! మాన్పించాల్సింది పోయి, నువ్వే పెంచమన్నావట!"

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె పప్పు మెదుపుతూ, "వదినకు చెప్పకుండా ఎలా ఉంటానండీ?" అంది. ఆ యాభై కేసులు పోలీసు కేసులో, అట్టపెట్టెల్లో వచ్చే సీసాల కేసులో ఆమెకూ తేలలేదట. అందుకని రెండు రకాలుగానూ చెప్పిందట. బాల్కనీ కింద తువ్వాలు పిండుతూ నిలబడిపోయిన అసోసియేషన్ సెక్రటరీ ఏ అర్థం ఎంచుకున్నాడో గాని, ఆ సాయంత్రం లిఫ్టులో నన్ను చూసి మెట్ల మీదుగా వెళ్లాడు.

"అక్కా, అది తాగే మందు కాదే, తుపాకి మందు," అని ఊరడించబోయాను. అవతల కాసేపు మాట లేదు. "తుపాకీనా?" అంటూ అందుకున్న ఏడుపు ముందు, ఇంతకు మునుపటిది పలకరింపులా తోచింది. తాగుబోతైనా ఏ డాక్టరుకో చూపించుకునేదాన్నని ఆమె బాధ. ఇత్తడికి మసి పట్టిన ముక్క ఒక్కటే ఆమెకు అందింది కాబట్టి, చింతపండు పెట్టి తోమమంది. ఆ పులుపు నిజంగానే పనిచేసింది. గొట్టాలు పండగనాటి చెంబుల్లా మెరుస్తున్నాయని మావాడు ఫోటో పంపాడు.

అయితే అక్క నాతో ఆగలేదు. కొడుక్కి స్వయంగా ఫోను చేసి, ఆ మందేదో సగానికి తగ్గించమని తన మీద ఒట్టు పెట్టించుకుంది. మావాడు తల్లి మాట జవదాటడు. సగం కాకపోయినా, ఆమె తృప్తికి పుస్తకం ఒప్పుకున్న కనీసానికి దిగాడట. మరుసటి శనివారం వచ్చిన ఫోటోలో యాభై కేసులూ అడుగుదాకా నల్లగా ఉన్నాయి.