పాపం, మాలిక్ కాఫూర్‌కు జేసీబీ లేదు

పోయిన ఆదివారం హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిదిని వరంగల్ మట్టికోట ఎక్కించాను. అటూ ఇటూ చూసి, "ఇంతకీ కోటేది బావా?" అన్నాడు. "నువ్వు నిలబడ్డదే" అన్నాను. కాళ్ల కిందికి చూసుకుని, "ఈ దిబ్బనా?" అని, తోరణం దగ్గర ఫోటో దిగడానికి పోయాడు.

అతణ్ణేం అనను. ఆ కట్టను ఫ్రీ మొరం గుట్ట అనుకుని తవ్వుకుపోయేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు.

రాతికోట చుట్టూ ఈ మట్టి గోడను, దాని చుట్టూ 150 అడుగుల వెడల్పు కందకాన్ని రుద్రమదేవి కాలంలో కట్టారు. 1310లో ఢిల్లీ సేనతో మాలిక్ కాఫూర్ వచ్చి పడ్డాడు. ఉక్కు ఈటె దిగలేదనీ, విసిరిన రాళ్లు పిల్లలాడుకునే కాయల్లా ఎగిరి వెనక్కి వచ్చాయనీ శత్రువు ఆస్థాన కవి అమీర్ ఖుస్రోనే రాశాడు.

నాకు కాఫూర్ మీద జాలి. గుడారంలో తల పట్టుకుని కూర్చుంటే, మనవాడొకడు తెల్ల చొక్కా, ప్లాట్ల మ్యాపుతో వచ్చి ఉండాల్సింది. "సార్, రాళ్లెందుకు వేస్ట్? రెండో శనివారం రాత్రి జేసీబీ దింపుదాం. సోమవారం ఆఫీసులు తెరిచేసరికి మట్టంతా బేస్‌మెంట్లల్ల ఉంటది. కందకం మీరు పూడ్చుడెందుకు, ప్లాట్లు కొన్నోళ్లే పూడ్చుకుంటరు."

"మరి చట్టం?"

"రక్షిత కట్టడమని నీలం బోర్డు ఉంటది సార్. దానికి మాత్రం గీత పడనియ్యం. బోర్డంటే మనకు గౌరవం."

కాఫూర్ గడ్డం నిమురుకుని, "కార్నర్ బిట్టు ఎంత?" అంటాడు.

చట్టం లేక కాదు. పురాతన కట్టడాల చట్టం 1958 నాటిది, 2010లో సవరించారు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదు, ఆపై 200 మీటర్లు అనుమతితోనే. తప్పితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. లక్ష! అక్కడ బాత్రూం జాగా కూడా రాదేమో.

"మట్టే కదా, మళ్లీ పోస్తే సరి" అంటారు. పోయండి. ఈటె దిగకుండా పోయండి చూద్దాం! మీ కాలనీ గుంతలో పోసిన మట్టి ఒక్క వానకు ఆగదు. తట్టలు మోసినవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు? వాళ్ల గుర్తు ఈ కట్ట ఒక్కటే. దాన్ని తవ్వి పునాదిలో పోసుకుని, గృహప్రవేశం కార్డు మీద కాకతీయ తోరణం అచ్చేయించుకోవడానికి సిగ్గుండాలి.

మా బావమరిది చెప్పులకంటిన మట్టిని కోట దగ్గరే దులిపి కారెక్కాడు. ఆ మట్టిని అక్కడే వదిలి వెళ్లిన మనిషిని చాలా రోజులకు చూశాను.