డిక్రీ సొమ్ము కట్టినంత మాత్రాన సిబిల్ దానంతటదే మారదు

"కోర్టు డిక్రీ సొమ్ము కట్టేస్తే సిబిల్‌లో కేసు దానంతటదే పోతుంది, పోకపోతే ఐదు వేలకు మా మనిషి తీయిస్తాడు" అన్న సందేశం చిత్తూరు, తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. డిక్రీ అంటే బాకీ కట్టమన్న కోర్టు తీర్పు; సిబిల్ అంటే మన అప్పుల చరిత్రను నమోదు చేసే సంస్థ. పాడి ఆవుల అప్పు మీద దావా పడి, నగలమ్మి బాకీ తీర్చినవాళ్లు దీన్ని నమ్మితే మరోసారి నష్టపోతారు.

కడితే కేసు ముగిసిందన్న మాటే ముందు సరికాదు. కోర్టులో జమ చేసిన సొమ్ము రికార్డుకెక్కుతుంది. కోర్టు బయట, నేరుగా బ్యాంకుకు కట్టినదాన్ని మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు, 2వ రూలు ప్రకారం బ్యాంకు కోర్టుకు తెలియజేయాలి. అది తెలపకపోతే బాకీదారే 30 రోజుల్లోగా పిటిషన్ వేసి నమోదు చేయించుకోవాలి. అలా నమోదు కాని చెల్లింపును డిక్రీ అమలు చేసే కోర్టు లెక్కలోకి తీసుకోదు, డిక్రీ అమలుకు గడువేమో 12 ఏళ్లు.

కోర్టే సిబిల్‌కు కబురు పంపుతుందన్నది రెండో పొరపాటు. రిపోర్టులోని వివరాలు పంపేది అప్పిచ్చిన సంస్థ. చంద్రగిరి దగ్గర మా చిన్నాన్న బాకీ మొత్తం కట్టి, రసీదును పాసుపుస్తకంలో మడిచి దాచుకున్నారు; రెండేళ్ల తర్వాత కొడుకు చదువు అప్పుకు పూచీ పడబోతే, సిబిల్ రిపోర్టులో ఆ పాత అప్పు ఖాతా ఎదుట 'సూట్ ఫైల్డ్' (దావా పడింది) అనే ఉంది. బ్రాంచివాళ్లు మార్పు పంపనేలేదు. డిక్రీ పూర్తిగా చెల్లిందన్న కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీని, బాకీ లేదన్న బ్యాంకు పత్రాన్ని జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాకే సరిచేశారు.

కోర్టు తీర్పులు క్రెడిట్ రిపోర్టులో కనిపించవన్న వీడియోలు అమెరికావి. అక్కడ 2017 జులై నుంచి వాటిని తీసేశారు; ఆ మాట మనకు వర్తించదు.

లోక్ అదాలత్‌లో తగ్గించి కట్టినా మచ్చ ఉండదన్నదీ తప్పే. అక్కడి అవార్డుకు, అంటే రాజీ తీర్పుకు, డిక్రీతో సమానమైన విలువ ఉన్నా, మాఫీ అయిన భాగం ఉంటే ఖాతా 'సెటిల్డ్' (తగ్గించి తేల్చుకున్నది) అని పడుతుంది, కొత్తగా అప్పిచ్చేవారు దాన్ని చూస్తారు. మొత్తం కట్టినవారు 'క్లోజ్డ్', బాకీ సున్నా అని రాయించుకోవాలి. ఆలస్యమైన నెలల చరిత్ర మాత్రం నిజమే గనుక అది వెంటనే పోదు.

ఇక ఐదు వేల మనిషి. అప్పిచ్చిన సంస్థ ధ్రువీకరించకుండా సిబిల్ కూడా ఏదీ మార్చలేదు, దిద్దుబాటు కోరడానికి రుసుమూ లేదు. సిబిల్‌తో సహా ఇలాంటి నాలుగు క్రెడిట్ సంస్థల్లోనూ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితం. ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే, ఆ పైన రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. అప్పటికీ జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఉచితంగా రాయవచ్చు. అందుకే ఫిర్యాదు ఇచ్చిన తేదీ వేసిన రసీదును తప్పక తీసుకోండి.