రాజీనామా పేపర్లు పెట్టేముందు అమ్మానాన్నల ఇన్సూరెన్స్ సంగతి చూసుకోండి

భీమవరం, పాలకొల్లు వైపు ఈమధ్య ఎవరింటికెళ్ళినా ఇదే మాట. "మావాడు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చేస్తున్నాడండి, రొయ్యల చెరువులు చూసుకుంటాడంట." రండి, సంతోషం. కానీ వచ్చే ప్రతి తమ్ముడినీ, చెల్లినీ నేను అడిగేది ఒక్కటే. అమ్మానాన్నల హెల్త్ ఇన్సూరెన్స్ ఏం చేశారు? చాలామంది నోట మాట రావట్లేదు.

కంపెనీ ఇచ్చిన కార్డు మన సొంతం కాదండి. అది ఉద్యోగులందరికీ కలిపి కంపెనీ తీసుకునే గ్రూప్ పాలసీ. మామూలుగా చివరి పనిదినంతో మన పేరు తీసేస్తారు, మన వెనకే అమ్మానాన్నల పేర్లూ పోతాయి. వాళ్ళ షుగరూ బీపీ చాలా గ్రూప్ పాలసీల్లో మొదటి రోజు నుంచే కవరవుతాయి. బయట కొత్త పాలసీ తీసుకుంటే ప్రమాదాలకి తప్ప మొదటి 30 రోజులు ఏమీ రాదు. పాత జబ్బులకి 3 ఏళ్ళ దాకా ఆగమనొచ్చు. శుక్లాలు, హెర్నియా, మోకాలి చిప్పల మార్పిడి లాంటివాటికి విడిగా ఇంకో గడువుంటుంది, చాలా పాలసీల్లో అది రెండేళ్ళు. మన పెద్దవాళ్ళకి వచ్చేవే ఇవి కదా! కరెంటు పోతే రొయ్య చచ్చిపోద్దని జనరేటర్ లేకుండా ఎవరూ చెరువులో రొయ్యపిల్లలు వెయ్యరు. మరి కన్నవాళ్ళ విషయంలో ఆ జాగ్రత్త ఏమైపోతోంది?

నోటీసు పీరియడ్‌లో ఉండగానే ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి. గ్రూప్ పాలసీలోంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీలో విడిగా మన సొంత పాలసీకి మారడానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల్లో దారుంది. ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ (ఆగాల్సిన గడువు) పాత కవరేజీ మేరకు కలిసొస్తుంది. పాలసీ ఇవ్వాలా, ఎంత ప్రీమియం అడగాలా అన్నది మాత్రం వాళ్ళ అండర్‌రైటింగ్, అంటే వయసూ జబ్బులూ చూసి తేల్చే లెక్క, చేతిలోనే ఉంటుంది. అందుకే ముందుగా అడగమనేది. కంపెనీలు 65 ఏళ్ళ దాకా వాళ్ళకి కొత్త పాలసీ ఇస్తే చాలన్న పాత రూలు 2024 ఏప్రిల్‌లో పోయింది. సొంత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు.

మా బాబాయిగారింటికి ఒక ఏజెంట్ ఫారం పట్టుకొచ్చాడు. షుగర్ ఉందా అన్న చోట "లేదు" అని టిక్ పెట్టేశాడు. బల్లమీద సగం వాడిన మెట్‌ఫార్మిన్ షీటు, పక్కనే రాజమండ్రి డాక్టరుగారి చీటీ, అన్నీ కళ్ళముందే ఉన్నాయి. "ఉందంటే ప్రీమియం పెరుగుద్దండి, ఐదేళ్ళు గడిస్తే ఎవరూ అడగరు" అన్నాడు. ఐదేళ్ళు గడిచాక దాచిన వివరాల పేరుతో క్లెయిమ్ కొట్టెయ్యకూడదన్న మారటోరియం రూలు ఉన్నమాట నిజమే, అది కూడా మోసం అని తేలనంతవరకే. ఆ ఐదేళ్ళలోపు గుండెనొప్పి వస్తే? కేస్ షీట్‌లో "పదేళ్ళుగా షుగర్" అని డాక్టరుగారు రాస్తారు, క్లెయిమ్ అక్కడే పోద్ది. ఫారం చింపించి కొత్తది రాయించాను. ఏజెంట్ మొహం మాడిపోయింది, మాడనివ్వండి.

ప్రీమియం తక్కువుందని సంతకం పెట్టేయకండి. గది అద్దె పరిమితి, కో-పే (బిల్లులో మన వాటా) చదవండి. 20 శాతం కో-పే అంటే 4 లక్షల బిల్లులో 80 వేలు మన జేబులోంచే. క్యాష్‌లెస్ లిస్టులో కాకినాడ, రాజమండ్రి, ఏలూరు, భీమవరం ఆసుపత్రులున్నాయో లేదో చూడండి. అంతర్వేదిలో అర్ధరాత్రి ఆయాసం వచ్చిన మనిషిని హైదరాబాద్ తీసుకెళ్ళలేం.

"ఆరోగ్యశ్రీ ఉందిగా" అంటారు. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. అర్హత ఉన్నవాళ్ళకి పెద్ద అండే, కాదనను. కానీ దానికి అర్హత నిబంధనలున్నాయి, జాబితాలో ఉన్న చికిత్సలకే వర్తిస్తుంది. 70 నిండినవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కింద ఏడాదికి 5 లక్షల కవరేజీ ఉంది, ఆ కార్డు తీయించండి.

పీఎఫ్ డబ్బులు చెరువు లీజుకని లాగెయ్యకండి. ఐదేళ్ళ సర్వీసు లేకుండా తీస్తే పన్ను పడుద్ది, పదేళ్ళు నిండితే పింఛను హక్కుంటుంది. రొయ్యల ప్లాంట్లలో పనిచేసే అక్కచెల్లెళ్ళు ఇంకోటి తెలుసుకోవాలి. పని మానేసిన రోజే ఈఎస్ఐ (కార్మికుల బీమా) వైద్యం ఆగిపోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకి వైద్యం జనవరి నుంచి జూన్ దాకా వస్తుంది. ఇది వాళ్ళకి ఏ సూపర్‌వైజరూ చెప్పడు.

నా కోపమంతా అక్కడే. ల్యాప్‌టాప్ ఎప్పుడిస్తావ్, ఐడీ కార్డు ఎప్పుడిస్తావ్ అని వెంటపడే హెచ్‌ఆర్, అమ్మానాన్నల కవరేజీ ఏ తేదీన ఆగుద్దో ఒక్క మెయిల్‌లో చెప్పలేదా? ఆ తేదీ రాతలో ఇచ్చేదాకా ఎగ్జిట్ ఫారం మీద సంతకం పెట్టకండి.