గుమ్మానికి వేపమండ లేని గదులు

ఇంట్లో పిల్లవాడికి ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపమండ కట్టడం మన ఆచారం. అందులో భక్తి ఎంత ఉందో, వీధికి కబురందించే తెలివీ అంతే ఉంది. మండ కనబడితే పాలు పోసే మనిషి గడప బయటే పోసి వెళ్లేవాడు. చంకలో బిడ్డ ఉన్న తల్లి అటు రాకుండా వెనుదిరిగేది. ఆ ఇంటికి అది పరువు తక్కువా కాదు, తప్పు చేసినట్టూ కాదు. ఇప్పుడు నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల కళాశాల హాస్టళ్లలో ఒక్కో గదిలో నలుగురైదుగురు పిల్లలు సర్దుకుని ఉంటున్నారు. ఆ గుమ్మాలకు మండ కట్టేవారు లేరు. ఒంటి మీద నీటిపొక్కులు లేస్తే అక్కడ మొదట జరిగేది పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం, ఆ తరువాత వార్డెన్ కంటబడకుండా తిరగడం.

ఎందుకు దాస్తారని పిల్లలను నిలదీసే ముందు, చెబితే ఏమవుతుందో చూద్దాం. హాజరు 75 శాతం ఉండాలి. ఇంజినీరింగ్ కళాశాలల్లో అది తగ్గితే డాక్టరు సర్టిఫికెట్ తెచ్చి, రుసుము కట్టి మినహాయింపు పొందాలి. జబ్బు పడ్డందుకు జరిమానా అన్నమాట, పేరు ఏదైనా. పైగా చెప్పిన సాయంత్రానికే సంచి సర్దుకుని ఇంటికి వెళ్లమంటారు. జ్వరంతో ఆ కుర్రవాడు బస్టాండుకు చేరి, కిక్కిరిసిన ఉదయగిరి బస్సులో గంటల తరబడి ప్రయాణం చేస్తాడు. కళాశాల వరకు సమస్య తీరిపోయింది. పక్క సీట్లో కూర్చున్న గర్భిణి సంగతి ఎవరికి పట్టింది? గర్భిణులకు ఆటలమ్మ సోకితే తల్లికీ, కడుపులో బిడ్డకూ ముప్పే.

నిజానికి సమాచారం కళాశాలల దగ్గరే ఉంది. ఏ హాస్టల్లోనైనా ఔట్‌పాస్ పుస్తకం తెరవండి. పేరు, గది నంబరు, వెళ్లే ఊరు, కారణం, తండ్రి ఫోను నంబరు. కారణం గడిలో ఒకడు ‘జ్వరం’ అని రాస్తాడు. కింద సంతకం పెట్టేవాడు అంత శ్రమ కూడా పడకుండా రెండు చిన్న గీతలు గీస్తాడు, ‘పైదే’ అని. వాడి కింద ఇంకొకడు, మళ్లీ రెండు గీతలు. వారంలో ఒకే అంతస్తు నుంచి అలాంటి గీతలు ఎన్ని పడ్డాయో కూడితే చాలు, ఏదో అంటుకుందని తెలిసిపోతుంది. కూడే మనిషే లేడు. వార్డెన్‌కు ఆ పుస్తకం ఎవరు బయటికి పోయారో చూసుకోవడానికే తప్ప, ఎందుకు పోయారో చూసుకోవడానికి కాదు.

దేశంలో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం 2004లో మొదలైంది. ఏఎన్ఎం తాను విన్న లక్షణాలను, వైద్యాధికారి తాను అనుమానించిన జబ్బును, లాబొరేటరీ తాను తేల్చిన ఫలితాన్ని వేర్వేరుగా నమోదు చేస్తారు. 2021 నుంచి ఇది ఆన్‌లైన్‌లో సాగుతోంది. ఏర్పాటు మంచిదే. కానీ ఆస్పత్రి గడప తొక్కినవారే ఆ లెక్కకు అందుతారు. మన హాస్టల్ పిల్లలు తొక్కేది మందుల షాపు గడప, మహా అయితే పక్క సందులో ఆర్ఎంపీ గడప. అక్కడ ఇచ్చిన మాత్రల చీటీ ఏ పట్టికలోకీ ఎక్కదు.

అన్ని జ్వరాలకూ ఒకే మందు లేనట్టే, అన్నిటికీ ఒకే కట్టడి కూడా లేదు. ఆటలమ్మ పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందే అంటుకోవడం మొదలవుతుంది, అన్నీ చెక్కు కట్టేదాకా అంటుతూనే ఉంటుంది. సోకినవారిలో బయటపడటానికి 10 నుంచి 21 రోజులు. కాబట్టి సంక్రాంతి సెలవుల నుంచి ఒకడు వెంట తెచ్చిన జబ్బు, ఫిబ్రవరిలో పరీక్షల ముంగిట గదిలో మిగతావారికి పోస్తుంది. ఒకే హాస్టల్లో ముగ్గురికి పచ్చకామెర్లు వచ్చాయంటే చూడవలసింది పిల్లలను కాదు, నీళ్ల ట్యాంకును. డెంగీ అయితే మనిషి నుంచి మనిషికి నేరుగా అంటదు. రోగిని ఇంటికి తరిమి, దోమలు పెరిగే డ్రమ్ములను అలాగే ఉంచే కళాశాలను ఏమనాలి? క్షయ కేసు తెలిస్తే ప్రైవేటు డాక్టరైనా సర్కారుకు చెప్పి తీరాలని 2012 నుంచి నిబంధన ఉంది. రెండు వారాలు దాటి దగ్గుతున్న కుర్రవాడిని డాక్టరు దాకా తీసుకెళ్లే బాధ్యత మాత్రం ఎవరిదో ఎక్కడా రాసిలేదు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. నలుగురికి కండ్లకలక వస్తే ‘కళాశాలలో కలకలం’ అని శీర్షిక పెట్టేది పత్రికలే. ఆ శీర్షికకు భయపడే యాజమాన్యాలు నోరు విప్పవు. ముందుగా కబురు చేసిన కళాశాలను దోషిగా నిలబెట్టడం మానితే, దాచినవారిని నిలదీసే హక్కు మాకు ఉంటుంది.

రాష్ట్రంలో మొదటి కొవిడ్ కేసు 2020 మార్చి 12న నెల్లూరులోనే తేలింది, ఇటలీ నుంచి వచ్చిన ఒక విద్యార్థికి. ఆరోగ్య సిబ్బంది చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగి ఆరా తీశారు. ఒక్క కేసు వెంట అంత పరుగెత్తగలిగిన జిల్లా, హాస్టల్లో పది మంది జ్వరాల గురించి అడగలేదా?

విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాలు తమ అనుబంధ కళాశాలలకు ఒక ఉత్తర్వు ఇస్తే సగం పని అవుతుంది. అంటువ్యాధితో విడిగా ఉన్న రోజులు హాజరులో తగ్గించరాదు, మినహాయింపుకు రుసుము అడగరాదు. పరీక్ష ఆ రోజుల్లో పడితే వేరే గదిలో రాయించాలి. ఒక అంతస్తులో ముగ్గురికి ఒకే లక్షణాలు కనబడిన రోజే వార్డెన్ దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఫోను చేయాలి. నోటీసు బోర్డు మీద ఎంతమందికి వచ్చిందో ఉంటే చాలు, ఎవరెవరికి వచ్చిందో డాక్టరుకు తెలిస్తే చాలు. ఇక విడిగా ఉంచే గది అంటారా, చాలా హాస్టళ్లలో కాగితం మీద సిక్ రూము ఉండనే ఉంది. తాళం తీయించి, అందులో పడేసిన విరిగిన మంచాలను ముందు బయట పెట్టించాలి.